బల్ల అడుగున

"ఛీ ఛీ! ఎవరు చేశారీ పాడుపని?"

కాలు ఊగుతోందని భోజనాల బల్లను తిరగేసిన తండ్రి చటుక్కున చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. బల్ల అడుగున బబుల్‌గమ్ ముద్దలు, పదిహేనైనా ఉంటాయి. నమిలి నమిలి, ఎంగిలితోనే అంటించినవి. కొన్నిటికి వెంట్రుకలు, ఒకదానికి చచ్చిన చీమలు. రోజంతా పళ్ళసెట్లు తయారుచేసే మనిషే వేళ్ళను లుంగీకి తుడుచుకున్నాడు.

"నేను కాదు నాన్నా," అంది ఐదేళ్ళ కూతురు. స్నేహితురాలి పుట్టినరోజుకని కొత్త గౌను తొడుక్కుని గుమ్మంలో నిలబడి ఉంది.

"మరి దెయ్యమొచ్చి అంటించిందా?"

నాన్నమ్మ సోఫాలోంచి లేచొచ్చి ముక్కు మూసుకుంది. "ఏం రోతరా ఇది! నా పెళ్ళినాటి బల్ల ఇది, నా దగ్గరున్నన్నాళ్ళూ అద్దంలా తుడిచాను. మీకిచ్చి ఆర్నెల్లు కాలేదు."

"నువ్వూరుకో అమ్మా."

"ఎందుకూరుకోవాలి? అచ్చం నీ పోలికే. చేసిందంతా చేసి కాదని ఒట్లు వేసేవాడివి. ముందుపన్ను ఊడినప్పుడు మింగేశానని చెప్పి నన్ను ఆసుపత్రికి పరుగెత్తించలేదూ?"

"మింగాను కాబట్టే చెప్పాను," అన్నాడతను చూపు తప్పించి. బడిలో బెంచీల కింద తను అంటించినవన్నీ గుర్తొచ్చాయి. తన రోత అలవాటే దీనికీ అబ్బింది. మొక్కగా ఉన్నప్పుడే వంచాలి.

"పుట్టినరోజూ లేదు, ఏమీ లేదు. గౌను మార్చుకునొచ్చి ఇవన్నీ గీకు."

"నిజంగా నేను కాదు నాన్నా!"

"పైగా అబద్ధం కూడానా?"

పాప వెక్కుతూ చెంచాతో గీకసాగింది. ఎండి రాయిలా అయిపోయిన ముద్దలు ఒక్కొక్కటే రాలుతున్నాయి. బయట స్నేహితురాలి వాళ్ళ కారు రెండుసార్లు హారన్ కొట్టి, కాసేపు ఆగి, వెళ్ళిపోయింది. పాప అటు చూసింది. తండ్రి చూడలేదు.

"నాన్నా, ఇందులో ఏదో ఉంది."

అతను ముఖం చిట్లించుకుని ఆ ముద్దను కాగితంతో పట్టుకున్నాడు. గమ్ మధ్యలో పాలపన్ను. పై వరుసలో ముందుదని చూడగానే తెలిసిపోయింది.

"ఊడిన పన్ను కూడా దాచావా? అసహ్యం! ఏదీ, నోరు తెరువు."

పాప ఏడుస్తూనే నోరు తెరిచింది.

ఒక్క పన్నూ ఊడలేదు.