పెద్దాయన మణికట్టు

షాపు తలుపు ఇంకా పూర్తిగా తెరవనే లేదు, పెద్దాయన వచ్చి మణికట్టు చాపాడు.

హరిహరన్‌కి ఒళ్లు మండింది. బోణీ కాకముందే ఊరికే సెంటు కొట్టించుకుపోయే మనిషికి రాజపాళయం మొత్తంలో తన షాపే దొరికిందా?

"రోజూ కొడతానే ఉండాను గదా తాతా. ఎప్పుడు కొంటావు?"

"కొనేదానికి రాలేదు తంబీ. నువ్వే గదా బోర్డు పెట్టినావు, పూసుకుని చూసి నిజం చెప్పండని."

బోర్డు పెట్టిన మాట నిజమే.

మగవాళ్లు రోజూ పూసుకుని పనికి వెళ్లే సెంటు ఒకటి సొంతంగా తయారు చేయాలని హరిహరన్ పట్టుదల. గంధం, దేవదారు చెక్కల వాసన, దాని మీద లవంగం, మిరియాల ఘాటు. ఆడి మాసం వెళ్లేలోగా అది నిలబడకపోతే షాపు మూసి తన బ్యాండేజీ గుడ్డ కంపెనీలో వచ్చి కూర్చోమని నాన్న బాలుసామి తెగేసి చెప్పాడు.

చుట్టాలంతా వచ్చి వాసన చూశారు. చుట్టాల పిల్లవాడి సరుకుకి వంక పెట్టడం మర్యాద కాదు గనక అందరూ బాగుందనే అన్నారు. కాఫీ తాగి వెళ్లారు. ఒక్కరూ సీసా కొనలేదు.

వంక పెట్టింది చోళపురం నుంచి వచ్చే ఈ పెద్దాయన కన్నుసామి ఒక్కడే.

పొద్దున మణికట్టుకి కొట్టించుకుని, ముక్కు దగ్గరికైనా తీసుకోకుండా బస్టాండు వైపు వెళ్లిపోయేవాడు. సాయంత్రం వచ్చి మెట్టు మీద కూర్చుని తీర్పు చెప్పేవాడు.

మొదట్లో ఒకసారి, "లవంగం జాస్తి తంబీ. బస్సులో పక్కనుండే ఆయన లేచి ముందరికి పోయినాడు" అన్నాడు.

"ఆయన దిగే స్టాపు వచ్చిందేమో."

"దిగలేదు. కంబి పట్టుకుని నిలుచుకున్నాడు."

హరిహరన్ మూతి ముడుచుకున్నాడు. అయినా లవంగం తగ్గించాడు.

ఇంకోసారి, "వెయిల్లో చెమట పట్టినాక పుల్లగా అయిపోయింది. టీ కడలో టీ కాచే మాస్టరు మొహం తిప్పుకున్నాడు. రోజూ పూసుకునేవాడు తిరిగేది వెయిల్లోనే గదా?"

మరోసారి, "మధ్యాన్నం భోజనం ముందర ఈ ఘాటు వద్దు తంబీ. సాంబారు వాసన కూడా తెలియకుండా పోతాది."

"నీ ముక్కుకి ఏదీ నచ్చేటట్టు లేదు తాతా."

పెద్దాయన నవ్వి మెట్టు దిగాడు.

మిరియం తగ్గింది, గంధం పెరిగింది. ఆడి సగం దాటింది. అమ్మకం మాత్రం లేదు. ఒకరోజు నాన్న ఫోనులో గట్టిగా మాట్లాడి పెట్టేసిన మరుక్షణమే పెద్దాయన మణికట్టు ముందుకొచ్చింది.

"సుమ్మా, ఊరికే వచ్చి పూసుకుని పోతావు. పైగా నూరు వంకలు. రేపటినుంచి రావద్దు తాతా."

పెద్దాయన చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

"సరే తంబీ. ఈ పొద్దుకి మట్టుకు కొట్టు."

హరిహరన్ విసురుగా కొట్టాడు.

సాయంత్రం ఆయన మెట్టు ఎక్కలేదు. వీధిలోనే నిలబడి చెప్పాడు.

"ఇది సరిగా ఉండాది. పొద్దు మునిగేదాకా నిలిచింది. బస్సులో ఎవురూ జరగలేదు. కండక్టరే అడిగినాడు, ఎక్కడ కొన్నావని. ఇంక దేన్నీ మార్చవద్దు."

అంతే, వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు.

మర్నాడు కండక్టరు వచ్చాడు. "చోళపురం తాత చేతిలో ఉండే సెంటు ఒకటి ఇయ్యండి."

తర్వాత టీ కడ మాస్టరు. తర్వాత మిల్లు గేటు దగ్గర కాపలా ఉండే పాండిసెల్వం. వచ్చినవాళ్లంతా అడిగింది ఆ తాత సెంటే. ఆడి వెళ్లేసరికి నాన్న తానే షాపుకొచ్చి, చొక్కా మీద కొట్టుకుని, సీసా జేబులో వేసుకున్నాడు.

ఆ రోజు హరిహరన్ పెందలాడే షాపుకి తాళం వేశాడు. తను గెంటేసిన మనిషి తన షాపు నిలబెట్టి వెళ్లాడు. ఒక మంచి సీసా తీసుకుని చోళపురం బస్సెక్కాడు.

ఇల్లు కనుక్కుని వెళ్తే, తలుపు తీసింది పెద్దాయన భార్య గోవిందమ్మాళ్. ఆమె వెనక గోడకి ఫోటో, దానికి పూలదండ.

"గుండె నొప్పి నాయినా. ఆస్పత్రికి పోయేలోపలే అయిపోయింది."

హరిహరన్ చెప్పులు విడిచి లోపలికి వచ్చి, తనెవరో చెప్పుకున్నాడు.

"తాతని రావద్దన్నాను అవ్వా. ఆ నోటితో ఒక మంచి మాట చెప్పుదామని వచ్చినాను."

"నీ మీద కోపమేమీ లేదు నాయినా. పాపం, ఆ పిల్లోడికి నిజం చెప్పేవాళ్లు లేరు అనేవాడు."

అతను సీసాని రెండు చేతులతో ఫోటో ముందు పెట్టి నమస్కరించాడు.

"తాత ముక్కు పెట్టిన భిక్ష అవ్వా, నా షాపు."

గోవిందమ్మాళ్ పైట కొంగుతో కళ్లు తుడుచుకుని, సీసా వైపు చూసి చిన్నగా నవ్వింది.

"ఆయన ముక్కా? మిల్లులో దూది దుమ్ము పీల్చి పీల్చి ఆయనకి వాసన తెలియకుండా పోయి శానా ఏండ్లాయె నాయినా, 'మా తంబి చేసినాడు, ఎట్ల ఉండాదో చెప్పండి' అని పొద్దంతా కనబడినోళ్లందరి ముందర ఆ చెయ్యి చాపుకుంటా తిరిగినాడు."