మొదటి ఆప్షన్

"ఓటీపీ వచ్చిందా అమ్మా?"

"వచ్చినట్టే ఉంది. ఫోను టింగుమంది."

"మరి చెప్పు."

"ఎలా చెప్పను? మీ నాన్నగారు ఫోను తెరవనివ్వడం లేదు."

హర్షిత కంప్యూటర్ తెర మీంచి చూపు తిప్పి గోడ గడియారం వైపు చూసింది. పీజీ అడ్మిషన్ల వెబ్ ఆప్షన్లకి ఆ సాయంత్రమే ఆఖరు. వాళ్ల ఊరు గుండుగొలనులో పొద్దుటి నుంచీ కరెంటు లేదు. అందుకే ఆటో ఎక్కి భీమడోలు వచ్చి, మునీరా నెట్ సెంటర్లో కూర్చుంది. ఏ కాలేజీ ముందు, ఏది తరవాత అన్నది వరసగా పెట్టేసింది. ఇక సేవ్ చెయ్యడమే మిగిలింది. దానికి ఓటీపీ కావాలి. అది వాళ్ల నాన్న కృష్ణమోహన్ ఫోనుకి వెళుతుంది.

ఆడపిల్ల నంబరు ఎక్కడ పడితే అక్కడ ఇవ్వకూడదని, అప్లికేషన్ పెట్టినప్పుడు ఆయన నంబరే ఇచ్చారు. ఈ చుట్టుపక్కల ఏ ఇంట్లోనైనా అంతే. ఆడపిల్లల చదువులన్నీ నాన్నల జేబుల్లో మోగుతుంటాయి. పైగా కృష్ణమోహన్ ఫోను ఆయన వేలు పెడితే తప్ప తెరుచుకోదు. ఓటీపీ ఎవరికీ చెప్పవద్దని బ్యాంకువాళ్లు ఒకసారి హెచ్చరిస్తే, ఆ 'ఎవరికీ'లో కట్టుకున్న భార్యని కూడా కలిపేసిన మనిషి.

"ఏమంటున్నారు?" అడిగింది హర్షిత.

"ఏమీ అనడం లేదు. నువ్వు పెట్టిన వరస చెప్పాను. పిడికిలి బిగించుకున్నారు. అంతే."

"ఇంకోసారి చెప్పి చూడమ్మా."

తల్లి కనకరత్నం గొంతు దూరమైంది. "ఏవండీ, అది చెప్పేది కూడా కాస్త వినండి. అన్నీ ఆలోచించే పెట్టుకుందట..." తరవాత విసనకర్ర చప్పుడు తప్ప ఇంకేమీ వినపడలేదు. హర్షిత చున్నీ కొస వేలికి చుట్టుకుంటూ కూర్చుంది.

"కళ్లు మూసుకున్నారే," అంటూ తిరిగొచ్చింది తల్లి. "ఆ మొండితనం ఎక్కడికి పోతుంది? నాకైతే నువ్వు పెట్టిందే బాగుందనిపిస్తోంది. కానీ ఆయన్ని కాదని చెయ్యి పట్టి లాగమంటావా? నా వల్ల కాదు. పోనీ, వరస మార్చేశావని అబద్ధం చెప్పనా?"

"వద్దు. నాన్నకి అబద్ధం చెప్పొద్దు."

జెరాక్సు మెషీను దగ్గర నిలబడిన మునీరాకి కాగితాల మీద కంటే ఈ మాటల మీదే ధ్యాస ఉంది.

"మీ నాన్నగారు ఒప్పుకోవట్లేదామ్మా?"

"లేదండీ."

"ఏ ఊళ్లు?"

"ఒకటి విశాఖపట్నం, ఒకటి ఏలూరు. ఏది ముందు పెడితే అందులో సీటొస్తుంది. ర్యాంకు బాగానే వచ్చింది."

మునీరా తల పంకించింది. "మా ఇంట్లోనూ ఇంతేనమ్మా. నేను హైదరాబాదు వెళ్లి చదువుతానంటే మా నాన్న అన్నం మానేశారు. రెండో పూటకే నేను లొంగిపోయాను. ఆయన వంటింట్లో దొంగతనంగా అటుకులు తిన్నారని నా పెళ్లయ్యాక మా అమ్మ చెప్పింది."

హర్షితకి నవ్వొచ్చింది. సగంలోనే ఆగిపోయింది.

ఇంటర్ చదివేటప్పుడు ఒకరోజు తెల్లవారేసరికి వాళ్ల చెరువులో చేపలన్నీ తెల్లగా తేలిపోయాయి. నాన్న గట్టు మీద చతికిలబడి, "ఏం జబ్బో చెప్పే మనిషి ఈ కొల్లేరు మొత్తానికి ఒక్కడు లేడు," అన్నాడు. తను నేర్చుకుంటానంది. ఆ చదువు విశాఖపట్నంలో ఉంది. మంచి ల్యాబు, హాస్టలు, పక్కనే సముద్రం. ఏలూరులో ఉన్నది మామూలు జువాలజీ. పొద్దున్నే రైలెక్కితే సాయంత్రానికి ఇంటికొచ్చెయ్యొచ్చు.

"ఫోను నాన్న చెవి దగ్గర పెట్టమ్మా," అంది.

పెట్టినట్టు తెలిసింది. ఊపిరి వినపడుతోంది.

"నాన్నా, కోపం తెచ్చుకోకండి. నా ఇష్టంతోనే పెట్టుకున్నాను. ఎవరూ చెప్పలేదు. రెండేళ్లే కదా. ఒప్పుకోండి నాన్నా."

ఊపిరి ఒకసారి బరువుగా తీసిన చప్పుడు. అంతే.

"ఇంకా గట్టిగా బిగించారే," అంది కనకరత్నం.

బయట రైల్వే గేటు పడింది. లారీలు హారన్లు మొదలెట్టాయి. మునీరా గడియారం చూసి, "సైటు మూసేస్తారమ్మా," అంది మెల్లగా.

హర్షిత మౌసు పట్టుకుంది. పైనున్నది కిందికి దించింది. కిందున్నది పైకి ఎక్కించింది. తెర మీద అక్షరాలు అలుక్కుపోయాయి. కంప్యూటర్ తప్పేమీ లేదు.

"మార్చేశానని చెప్పమ్మా."

"నిజంగానా?"

"నిజంగానే. కొత్త ఓటీపీ వస్తుంది చూడు."

తల్లి అటు తిరిగి ఆయనతో ఏదో చెప్పడం వినపడింది. కాసేపటికి ఒక్కొక్క అంకే, మధ్యమధ్యలో ముక్కు ఎగబీలుస్తూ చదివింది. సేవ్ అయిపోయింది.

మునీరా గ్లాసుతో మంచినీళ్లు తెచ్చి పక్కన పెట్టింది. "మొత్తానికి మీ నాన్నగారి మాటే నెగ్గింది."

"అవునండీ."

"ఊరుకో తల్లీ. ఏలూరు మాత్రం ఏం తక్కువ? హాయిగా పొద్దుగూకేసరికి అమ్మానాన్నల దగ్గరుంటావు."

ఆ మాటకి హర్షిత బల్ల మీద తల పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది.

అక్కడ గుండుగొలనులో కృష్ణమోహన్, వేసవిలో వచ్చిన పక్షవాతానికి మాటతో పాటు ఒళ్లంతా చచ్చుబడిపోగా తనకి మిగిలిన ఆ ఒక్క పిడికిలినీ, కూతురు ఏలూరుని కిందికి దించి విశాఖపట్నాన్ని పైన పెట్టిందని భార్య ఒట్టేసి చెప్పాకే విప్పాడు.