పేర్ల అధ్యాయం

"ఆ అధ్యాయమే చదివించుండ్రి అయ్యగారు," అంది దేవమ్మ. ఇలా అడగడం ఇది నాలుగో ఆదివారం.

అమరచింత చర్చిలో ఆరాధన మొదలవడానికి ఇంకా పది నిమిషాలుంది. పాస్టరు జయపాల్ నిట్టూర్చాడు. ఈ ఊరికి ఆయన వచ్చి ఏడాదే అయింది. పుణెలో కడుతున్న బిల్డింగు మీంచి పడి చనిపోయిన దేవమ్మ కొడుకును మూడు నెలల కిందట భూస్థాపన చేసింది ఆయనే. దవాఖాన కాగితం చూసి "బాలకృష్ణ" అని చదివి ప్రార్థించిందీ ఆయనే.

"ఆదరణ వాక్యాలు ఎన్ని లేవమ్మా? కాపరి కీర్తన చదివిస్తా."

"వద్దయ్యా. సువార్తల మొదటికొచ్చే పేర్లే చదివించుండ్రి."

"అవి ఒట్టి పేర్లమ్మా. ఎవరు ఎవరిని కన్నారో, అంతే. నీ దుఃఖానికి అందులో ఏముంది?"

దేవమ్మ చెప్పబోయింది. మాట నాలుక దాకా వచ్చి ఆగిపోయింది. మూడు నెలలుగా ఆ ఒక్క మాట దగ్గర అంతే.

"రేపు కూలోళ్లను తోల్కపోను గుంపు మేస్త్రీ లారీ వస్తది. పనికి పోతే మల్ల ఎప్పుడొస్తనో తెల్వదు. నాకు సదువు రాదు. కాళ్లు మొక్కుత."

నిజంగానే వంగింది. ఆయన కంగారుగా ఒప్పుకున్నాడు.

సువార్త పఠనానికి అందరూ లేచి నిలబడ్డారు. ఇంటర్ చదివే అఖిల పుస్తకం తెరిచింది.

వెనక వరసలో అమృతమ్మ గొణిగింది. "పొయ్యి మీద పప్పు పెట్టొచ్చిన. గీ పేర్లన్నీ అయ్యేసరికి మాడుతది."

ఎవరో కిసుక్కుమన్నారు. అఖిల సిగ్గుపడి, కొన్ని పేర్లు దాటేసి కింది వచనానికి వెళ్ళింది.

"ఇడ్వకు బిడ్డా!" దేవమ్మ కేక చర్చంతా వినబడింది. "ఒక్క పేరు గూడ ఇడ్వకు. మొదలుకెల్లి చదువు."

పాస్టరు తలూపాడు. అఖిల మళ్ళీ మొదలుపెట్టింది.

అబ్రాహాము. ఇస్సాకు. యాకోబు. ఒక్కో పేరుకూ దేవమ్మ వేలు మడుస్తోంది. నయస్సోను. శల్మాను. బోయజు.

ఓబేదు.

దేవమ్మ కూలబడిపోయింది. మూడు నెలల్లో మొదటిసారి గొంతెత్తి ఏడ్చింది. పాస్టరు పరుగెత్తుకొచ్చి లేవదీశాడు.

"ఇప్పుడు నా కొడుకును సాగనంపినట్టయింది అయ్యగారు."

క్రైస్తవ పేరుతో కుల ధ్రువపత్రంలో ఇబ్బంది రాకూడదని బడిలో రాయించిన పేరే బాలకృష్ణ. బాప్తిస్మం నాడు పాత పాస్టరు పెట్టిందీ, పందొమ్మిదేళ్ళు దేవమ్మ పిలిచిందీ ఓబేదు.