దున్నపోతు చూపించిన రేవు

ఏమోయ్ తెలివైనవాడా, గోదావరి పొంగితే ఒడ్డునున్న ఊళ్లోకి నీళ్లు ఎటునుంచి వస్తాయి? గోదావరి వైపునుంచే అంటావు. నీలాంటివాళ్లు దొరికితేనే, ఊరికొచ్చినవాళ్లను ఆటపట్టించే దూలయ్యకు పండగ.

ఆ రోజు దొరికినవాడు ఎబినేజర్. 2007 మే నెల. వానలకు ముందే వరద ఏర్పాట్లు చూడమని అతణ్ణి పాల్వంచ ఆఫీసు నుంచి పంపారు. ఊరికి ఒక్క పడవ ఇస్తారు. అది ఎక్కడ కట్టి ఉంచాలో ఊరివాళ్లే చెప్పాలి. బడి ముందు నేలమీద ముగ్గుపిండితో ఊరి పటం గీసి, పడవకు గుర్తుగా ఒక చింతకాయ చేత్తో పట్టుకుని అందరినీ అడిగాడు. ఎవరూ నోరు విప్పలేదు. ఇలాగే అడిగి, వేలిముద్రలు వేయించుకుని పోయినవాళ్లను ఊరు చాలామందిని చూసింది.

దూలయ్య ఒక్కడు మీసం కింద నవ్వు దాచుకుని లేచాడు.

"మా దున్నపోతునడుగు సారూ. వరద మూడు దినాలుందనంగనే మేత బందువెట్టి గోదారి రేవుకాడ పోయి నిలవడతది. అది నిలవడ్డకాడనే పడవ గట్టు."

ఆడవాళ్లు కొంగులు, మగవాళ్లు తువ్వాళ్లు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఎబినేజర్ నవ్వలేదు. దున్నపోతు వయసెంతో, ముందు ఏ కాలు కదుపుతుందో అడిగి మరీ రాసుకున్నాడు. ముగ్గులో రేవు దగ్గర దున్నపోతుకు గుర్తుగా బొగ్గుముక్క పెట్టి, దాని పక్కనే చింతకాయ పెట్టాడు.

"అయితే పడవ ఈడనే. గిట్లనే రాసి పంపుత" అని పెన్ను తీశాడు.

నవ్వులు ఆగిపోయాయి. ముత్తక్క విసురుగా వచ్చి చింతకాయ లాగేసింది. పోయినేడు వరదలో నిండు చూలాలైన కోడలితో పగలంతా ఇంటి రేకుల మీద కూర్చున్న మనిషి ఆమె.

"ఈడ గాదు సారూ. గోదారి నిండితే మా ఎనకున్న వాగు ఎనక్కి మర్లుతది. రేవు మునగకముందే వాగు మా బాట మూస్తది. మేం వాగు దాటి గుట్టెక్కాలె. రేవుకాడ గడితే గోదారి వడికి నీ పడవే కొట్టుకపోతది."

ఆమె వాగు గీత సరిచేసింది. అది కూడా తప్పని జంపయ్య ఇంకో వంపు తిప్పాడు. ముందు మునిగే ఇళ్లేవో ఒకరు చూపిస్తే, నడవలేని ముసలివాళ్లు ఎక్కడున్నారో ఇంకొకరు చూపించారు. అరగంటలో పటం నిండిపోయింది. చింతకాయ వాగు ఒడ్డుకు చేరింది. ఎబినేజర్ అన్నీ నోటుబుక్కులో రాసుకుని బండి దగ్గరికి నడిచాడు.

దూలయ్య వెంటపడి మెల్లగా అడిగాడు, "నిజం జెప్పు సారూ, మా దున్నపోతును నమ్మినవా?"

ఎబినేజర్ నోటుబుక్కు పాత పేజీలు తిప్పి చూపించాడు. మొన్నటి ఊరి పేరు కింద కోడిపుంజు, నిన్నటి ఊరి పేరు కింద గుడ్డిమేక.

"ఊరూరికి నీ అసొంటోడు ఒకడుంటడు పెద్దయ్యా. వాని అబద్ధం ముగ్గుల వెడితే సాలు, ఊరంతా లేచి నిజం జెప్తది."