యూరప్ కప్పు తెచ్చే పేరు

మిలున్ చొక్కా మీద మొదటి చింపు విదోయేది. రెండోది తిహోమిర్‌ది. కాలరు ఊడి, రెఫరీ బోబన్ చేతిలోకి వచ్చింది. కొడుకు పుట్టినవాడి ఒంటి మీద చొక్కా నిలవకూడదు మరి. ఆసుపత్రి ఎదుట, తిండీ తాగుడూ దొరికే కఫానాలో కూర్చున్నవాళ్లంతా చప్పట్లు కొట్టారు.

"కొత్త చొక్కా," అన్నాడు మిలున్.

"కొత్తది వేసుకురమ్మని నీకెవరు చెప్పారు?" అన్నాడు తిహోమిర్. అతనిది మాంసం కొట్టు. చింపడంలో చెయ్యి తిరిగినవాడు.

రకియా అనే పళ్ల సారా పోశారు. తాగారు. ఇక అసలు పని మిగిలింది, పేరు.

పేరు పెట్టేది తండ్రి కాదు, కుమ్. మిలున్ పెళ్లికి సాక్షిగా నిలబడిన నాటి నుంచి ఆ ఇంటికి విదోయే కుమ్. అతను ఏ పేరంటే అదే పేరు. కాదనే నోరు ఆ ఊళ్లో లేదు.

విదోయేకి పిల్లల్లేరు. ఈ రోజు కోసం ఎన్నాళ్లుగానో కాచుకుని ఉన్నాడు. వీధికో బాస్కెట్‌బాల్ స్తంభం ఉన్న ఊళ్లో ఒక్క గొప్ప కోచ్ పుట్టలేదనీ, యూరప్ కప్పు మొహం ఎరగమనీ అతని దిగులు. ఈ పిల్లవాడు ఆ కోచ్ కావాలి. కావాలంటే పేరు సరిగ్గా పడాలి. తప్పు పేరు పడితే ఆ పాపం బతికినంత కాలం తనదే.

"యూరప్ మొత్తంలో గొప్ప కోచ్ ఎవరో తేల్చండి," అన్నాడు. "ఆయన పేరే పెడతాను."

"తేల్చేదేముంది? స్తానిమిర్," అన్నాడు తిహోమిర్. "కుర్చీ విరగ్గొట్టనివాడు కోచేమిటి? ఆయన అరిచాడంటే కుర్రాళ్లకు జ్వరాలొచ్చేవి."

"జ్వరమొచ్చినవాడు బంతేం వేస్తాడు?" అన్నాడు బోబన్. "ఇరవై ఏళ్లు ఈల ఊదినవాణ్ణి. కోచ్‌ల సంగతి నన్నడగండి. ఆఖరి నిమిషం, ఒక్క పాయింటు వెనకబడి ఉన్నాం. అప్పుడు చూడాలి కోచ్ మొహం. కోస్త ఆ నిమిషంలో నీళ్లు తాగేవాడు, మెల్లగా. ఆయన్ను చూసి కుర్రాళ్లు కుదుటపడేవాళ్లు."

"నీళ్లు తాగితే గెలుస్తారంటే మా ఆవుకి ఈపాటికి మూడు కప్పులు రావాలి."

"నీ ఆవుకి నీకంటే ఆట బాగా తెలుసు."

"నువ్వు ఈల ఊదిన రోజుల్లో నీ కళ్లు ఎక్కడ తాకట్టు పెట్టావో ముందది చెప్పు."

విదోయే బల్ల మీద కొట్టాడు. "పిల్లవాడి జాతకం ఇక్కడ. మీ పోట్లాట తర్వాత."

మిలున్ గ్లాసు కింద పెట్టాడు. "కుమా, ఒక్క మాట. యాగోద ఏమంటుందంటే..."

"బాలింత మాట రేపు విందాంలే. ఆవిణ్ణి కాస్త పడుకోనీ."

"అరవడం, అరవకపోవడం కాదంటుంది. ఆడేవాళ్లను ఎవరైనా చూస్తారట. బెంచీ మీద కూర్చున్న పన్నెండో మనిషి మొహం చూడగలిగినవాళ్లే కోచ్ అట."

తిహోమిర్ వెనక్కి తిరిగి, కాల్చిన మిరపకాయలు ఇంకో ప్లేటు తెమ్మన్నాడు.

"అన్నట్టు, మీ ఆవిడకు నొప్పులు ఆటల హాల్లోనే మొదలయ్యాయట కదా," అన్నాడు బోబన్. "తొమ్మిదో నెలలో ఇంటిపట్టున ఉండకుండా ఏం పిచ్చయ్యా అది?"

"పిచ్చి కాదు," అన్నాడు మిలున్. ఇంకేదో అనబోయి, రకియా తాగాడు.

మిరపకాయలు వచ్చాయి. సగం ప్లేటు ఖాళీ అయింది. విదోయే మూతి తుడుచుకుని, కళ్లు సగం మూసి, నిదానంగా అన్నాడు.

"నేనొకటి చెప్తాను వినండి. ఆడేవాణ్ణి ఎవడైనా చూస్తాడు. బెంచీ మీద కూర్చున్న ఆఖరివాడి మొహం చూస్తాడే, వాడే కోచ్ అంటే."

"అబ్బ," అన్నాడు తిహోమిర్.

"అందుకే నువ్వు కుమ్‌వి," అన్నాడు బోబన్. "అచ్చంగా కోస్త అలాంటివాడే."

మిలున్ చిరిగిన చొక్కా చేతిని పైకి లాక్కున్నాడు. అది మళ్లీ జారింది.

తిహోమిర్ స్తానిమిర్‌ను వదులుకున్నాడు. కోస్త ఖాయమైంది. నలుగురూ రోడ్డు దాటి ఆసుపత్రి పెరట్లోకి వెళ్లారు. మగవాళ్లను లోపలికి రానివ్వరు. పెరట్లో అప్పటికే ఇద్దరు ముగ్గురు తండ్రులు తలలెత్తి, ఎవరి కిటికీ వైపు వాళ్లు కేకలు పెడుతున్నారు.

రెండో అంతస్తు కిటికీ తెరుచుకుంది. యాగోద, చేతుల్లో మూట.

"యాగోదా!" విదోయే గొంతు పెరడంతా మోగింది. "పేరు కోస్త!"

పక్క తండ్రులు కూడా చప్పట్లు కొట్టారు. యాగోద పిల్లవాడి వైపు చూసింది, ఆ పేరు వాడికి వదులవుతుందేమోనన్నట్టు.

"మీ మాటే, కుమ్ గారూ," అంది. గొంతు పెంచలేదు. అయినా కింద అందరికీ వినిపించింది.

"ఎందుకా పేరని అడగవేం?"

"చెప్పండి."

"ఈ ఊరికి యూరప్ కప్పు తెచ్చే కోచ్ కావాలమ్మా. ఎన్నేళ్లని ఎదురుచూస్తాం? అది వచ్చిన రోజున చూడు, స్టేషన్‌కి బ్యాండు నేనే తీసుకొస్తాను. ముసలీ ముతకా ఊరంతా కదిలొస్తుంది. ఒక్కడు కూడా ఇంట్లో కూర్చోడు."

విదోయే కళ్లు తడిశాయి. బోబన్ అతని భుజం తట్టాడు.

"చలి మొదలైంది," అంది యాగోద. "ఆయన చొక్కా చిరిగిపోయింది. ఎవరైనా కోటు ఇవ్వండి."

కిటికీ మూసుకుంది.

పోయిన వసంతంలో, ఊరి ఆడపిల్లల జట్టుకు కోచ్‌గా యూరప్ కప్పు గెలిచి యాగోద రైలు దిగినప్పుడు, ఆ స్టేషన్‌లో మిలున్ ఒక్కడే నిలబడి ఉన్నాడు.