వాడి కూతురు

పాస్టరు ఇచ్చిన పాప ఫోటో చేతిలోకి తీసుకోగానే బేకరీ ఆవిడ గుర్తుపట్టింది. ఆ చేటల్లాంటి చెవులు ఎక్కడున్నా దాగవు.

విచారణ నడిచినన్నాళ్ళూ ఆ చెవులనే చూస్తూ కోర్టులో కూర్చుంది మరి. బోనులో నిలబడ్డవాడు, ఈ పాప తండ్రి, లారీ డ్రైవరు. తాగి నడిపాడు. సైకిలు మీద బడికి పోతున్న ఆమె ఒక్కగానొక్క కొడుకు ఆ లారీ కిందే పోయాడు.

“తల్లి జబ్బు చేసి పోయిందమ్మా,” అంటున్నాడు పాస్టరు, రస్కుల సీసాల అవతల నిలబడి. “తండ్రి ఉన్నా లేనట్టే. మా హోమ్‌లోనే పెరుగుతోంది. చదువుకీ తిండికీ ఎవరైనా ఒకరు అండగా నిలబడితే...”

ఈ పిల్ల ఎవరి పిల్లో పాపం ఈయనకి తెలిసినట్టు లేదు, అనుకుంది ఆమె. పగ తీర్చుకునే దారి లేక ఇన్నాళ్ళూ పిండి ముద్దల్ని పిడికిళ్ళతో గుద్దింది. ఇప్పుడా దారి తనే నడుచుకుంటూ కొట్టు మెట్లెక్కింది.

“ఇంకొకరెందుకండీ. నేను నిలబడతాను.”

పాస్టరు కళ్ళు చెమర్చాయి. ఆ ఆదివారం ప్రార్థనలో ఆమె దయాగుణం గురించి చెబితే చర్చి అంతా ఆమెన్ అందట. విని, కొట్టు వెనక్కి వెళ్ళి నవ్వుకుంది.

వాడు తన కొడుకుని తీసుకున్నాడు. తను వాడి కూతుర్ని తీసుకుంటుంది. అంతే. వెంట్రుక కూడా వంచనక్కర్లేదు. పిల్ల తనని అమ్మా అనాలి, నాన్న అన్న మాట వినబడితే మొహం తిప్పుకోవాలి. వాడు జైల్లోంచి బయటపడేసరికి కూతురు కళ్ళ ముందే ఉండాలి, వాడిది మాత్రం కాకూడదు. కడుపుకోత ఎలా ఉంటుందో వాడూ చూడాలి.

వీలు దొరికినప్పుడల్లా బన్నులు మూటగట్టుకుని హోమ్‌కి వెళ్ళేది. “ఎప్పుడైనా రండమ్మా,” అంది అక్కడి సిస్టరు. “నెలలో రెండో ఆదివారం మాత్రం వద్దు. ఆ రోజు పాపని బయటికి తీసుకెళ్తాం.” ఎక్కడికని ఆమె అడగలేదు.

పిల్ల మొదట్లో బిక్కుబిక్కుమంటూ నిలబడేది. తర్వాత గేటు దాకా ఎదురొచ్చేది. ఒకరోజు, ఎవరూ నేర్పకుండానే, “బన్నమ్మా!” అంటూ వచ్చి నడుముకి చుట్టుకుంది. పోనుపోను ఆ పిలుపులో బన్ను అరిగిపోయి అమ్మ ఒక్కటే మిగిలింది.

సగం పని అయింది అనుకుంది ఆమె. మిగతా సగం జడ వేస్తూ వేస్తూ చేసేది.

“మీ నాన్నకి నువ్వంటే పడదే తల్లీ. తాగుడే వాడికి పెళ్ళాం, తాగుడే బిడ్డ. నిన్ను వదిలేసి తన దారి తను చూసుకున్నాడు.”

పిల్ల తల వంచుకుని వినేది. ఆమె చెయ్యి తీసుకుని తన చెంపకి ఆనించుకునేది. విషం బాగానే ఎక్కుతోంది, అనుకునేది ఆమె.

హోమ్‌లో మిగతా పిల్లలంతా నోటి దురుసు పిల్లలు. ఆమె కనబడితే చాలు, “మీకు పిల్లల్లేరా ఆంటీ?” అని ఒకటే గోల. ఈ పిల్ల మాత్రం ఏనాడూ అడగలేదు. మంచిదే, అబద్ధమాడే పని తప్పింది.

ఒక ఏడాది పిల్లకి విషజ్వరం వచ్చింది. ఆమె కొట్టు మూసేసి ఆస్పత్రిలో మంచం పక్కనే కూర్చుంది. తడిగుడ్డలు మార్చింది. గంజి తాగించింది. వాడు వచ్చేదాకా ఇది బతకాలి కదా, అని తనకి తనే చెప్పుకుంది. జ్వరం దిగిన పొద్దున ఎందుకో వెక్కివెక్కి ఏడ్చింది. నిద్ర చాలక, అని నర్సుతో అంది.

చివరికి పాస్టరు కబురు చేశాడు. “పాప తండ్రి వస్తున్నాడమ్మా. మీరూ ఉంటే బాగుంటుంది.”

ఉండకుండానా! పెట్టెలోంచి మంచి చీర తీసి కట్టుకుంది. ముందుగానే వెళ్ళి, పిల్లకి కొత్త గౌను తొడిగి, గడ్డం పట్టుకుని మరీ చెప్పింది. “వాడొస్తాడు. రమ్మంటాడు. నువ్వెవరో నాకు తెలీదు అను. వాడి మొహం మీదే అను. అంటావా?”

పిల్ల ఆమె కళ్ళలోకి చాలాసేపు చూసింది.

వాడు వచ్చాడు. చిక్కి సగమయ్యాడు, చెవులు మాత్రం అలాగే ఉన్నాయి. ఆమెని చూడగానే గుమ్మంలోనే కొయ్యబారిపోయాడు.

“బాగున్నావా?” అంది ఆమె, తేనె పూసిన గొంతుతో. “నీ కూతుర్ని పెంచింది నేనే. పాప ఎవరితో ఉంటానంటే వాళ్ళతోనే పంపిద్దాం. ఏమంటారు పాస్టరుగారూ?”

పాస్టరు తలూపాడు. వాడూ తలూపాడు, నేల చూస్తూనే.

పిల్ల బెంచీ మీంచి లేచింది. తండ్రి వైపు ఒక్క అడుగైనా వెయ్యలేదు. తిన్నగా వచ్చి బేకరీ ఆవిడ పక్కన నిలబడి, ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుంది. వాడి మొహంలో నెత్తురుచుక్క లేదు.

ఇదే. ఇన్నేళ్ళూ ఈ మొహం కోసమే కాచుకుంది ఆమె. కడుపులో రగిలిన నిప్పు మీద చల్లటి నీళ్ళు పడ్డట్టయింది.

“చెప్పమ్మా,” అంది, పిల్ల వీపు నిమురుతూ. “వాడికి చెప్పాల్సింది చెప్పు.”

పిల్ల తలెత్తి వాడి వైపు చూసింది.

“నాన్నా, రెండో ఆదివారం నేను జైలుకొచ్చినప్పుడల్లా బేకరీ అమ్మ గురించి చెప్పి ఏడ్చేవాడివిగా, నా సంగతి తర్వాత, ముందు నీ లారీ కింద పోయిన అన్నయ్య వాళ్ళమ్మకి క్షమాపణ చెప్పుకో.”