ఇరవై మంది పట్టే ఇల్లు

"కుక్కలు రావచ్చండీ. ఈ కుక్క మాత్రం రాకూడదు," అన్నాడు వాచ్‌మన్ గేటు లోపలి నుంచి.

గేటు గడియ గుంజుతున్న పెద్దకొడుకు ఆగాడు. అది ఎటు లాగినా రావడం లేదు. వెనక రెండు వ్యాన్ల నిండా చుట్టాలు, సంచులు, పిల్లల గోల. చుట్టూ పొలాలు. గోడ మీద మాత్రం పెద్ద పెద్ద అక్షరాలతో ఉంది: 'పెద్ద కుటుంబాల విడిది. మీ కుక్కనూ తెచ్చుకోండి.'

"ఏం, ఇదేమన్నా పులా?"

"పులైనా నయం. పోయినసారి హాల్లో సోఫా కాలు కొరికి పారేసింది."

"పోయినసారేంటయ్యా! మేము ఈ ఊరి మొహమే చూళ్ళేదు."

"మీరు చూళ్ళేదేమో, ఇది చూసింది. చిరిగిన చెవి, ఒక్క కాలే తెలుపు. మర్చిపోతానా?"

వాళ్ళ నల్లకుక్క బొగ్గు అప్పటికే గేటు కింద నుంచి దూరిపోయింది. తిన్నగా వెళ్ళి వాచ్‌మన్ ప్యాంటు జేబులో ముక్కు పెట్టింది. అతను తిడుతూనే బిస్కెట్ తీసి దాని నోట్లో పెట్టాడు.

అతని చెల్లెలు దగ్గరికొచ్చింది. "దీన్నెవరు తెచ్చారు ఇక్కడికి?"

"పొడుగ్గా, కళ్ళజోడు పెట్టుకుని ఒక సారు. ఆయనా, ఆవిడా, అంతే. ఇరవై మంది పట్టే ఇల్లు మీ ఇద్దరికెందుకు సార్ అంటే, కుక్కని రానిచ్చేది ఇదొక్కటే కదయ్యా అన్నారు. ఏం నవ్వులండీ బాబూ! నా గదిదాకా వినపడేవి. ఆయన ఒసే అంటే ఆవిడ ఒరే అనేది. చిన్నపిల్లలు నయం."

చెల్లెలు అన్నని పక్కకి లాగింది.

"నాన్నే అన్నయ్యా. పని మీద వెళ్తూ బొగ్గుని కూడా తీసుకెళ్ళేవాడు, గుర్తులేదూ?"

"నాన్నా? నవ్వడమా? ఇంటినిండా జనం. అమ్మతో 'మంచినీళ్ళు' అనడం తప్ప ఇంకో మాట ఎప్పుడైనా విన్నావా?"

"అందుకేనేమో మరి. నాన్న అలా వెళ్ళినప్పుడల్లా అమ్మ పిన్ని ఇంటికి వెళ్ళేది. పాపం, పిచ్చిది."

అతనికి కోపం రాలేదు. ఏడుపూ రాలేదు. తిమ్మిరెక్కిన కాలు తనది కానట్టు ఉంటుందే, ఒళ్ళంతా అలా ఉంది. నాన్న పోయిన రోజు కూడా ఇలాగే ఉంది.

"అమ్మకి తెలిస్తే?" అన్నాడు.

అమ్మ వ్యాన్‌లో చివరి సీట్లో కూర్చునుంది. నాన్న పోయినప్పటి నుంచి ఆమె ఏడవలేదు, మాట్లాడలేదు. పెట్టింది తింటోంది. పడుకోమంటే పడుకుంటోంది. నలుగురిలో ఉంటే కోలుకుంటుందని ఈ ఇల్లు తీసుకున్నారు.

"తెలిస్తే ఇంక మనకి దక్కదు. వ్యాన్లు వెనక్కి తిప్పించు. ముందు ఆ వాచ్‌మన్ మహానుభావుడి నోరు ముయ్యించు."

అతను ఇటు తిరిగేసరికి అమ్మ దిగి వస్తోంది. గబగబా ఎదురెళ్ళాడు.

"అమ్మా, ఇక్కడ నీళ్ళు రావటం లేదట. వేరే చోటికి పోదాం పద."

ఆమె అతని వైపు చూడలేదు. పక్కనుంచి నడిచి గేటు దగ్గరికి వెళ్ళింది. గడియ జోలికి పోలేదు. గేటుని రెండు చేతులతో కాస్త పైకెత్తి, భుజంతో తోసింది. తెరుచుకుంది.

కుక్క చెవి నిమురుతున్న వాచ్‌మన్ తలెత్తాడు. మొహం చేటంతయింది.

"అయ్యో, మీరా అమ్మగారూ! సారు వెనక బండిలో వస్తున్నారా?"